ఐదో సబ్జెక్టు

ఓట్లు లెక్కపెడితే పదకొండూ పదకొండూ వచ్చాయి. బడిలో పనిచేసేవాళ్లు తమ పెంపుడు కుక్కల్ని బడికి తెచ్చుకోవచ్చా, కూడదా అన్న ఆ ఓటింగు జరుగుతున్నప్పుడు ల్యాబమ్మ మేడ మీద సైన్సు గదిలో మోచేతుల దాకా నురగతో టెస్ట్ ట్యూబులు తోముతోంది. ఆవిణ్ణి ఎవరూ పిలవలేదు. పిలవకూడదని కాదు, ఎవరికీ గుర్తు రాలేదు, అంతే. పిలిచి ఉంటే పన్నెండూ పదకొండూ అయ్యేది, తగాదా ఆ సోమవారమే తీరిపోయేది, చెప్పుకోడానికి ఈ కథా ఉండేది కాదు.

గొడవ మొదలుపెట్టింది డ్రిల్లు సారు. తన తేనెరంగు కుక్కని రెండు శనివారాలు ఆటల పీరియడుకి వెంటపెట్టుకొచ్చాడు. కడుపునొప్పి పేరు చెప్పి ఆటలకి ఎగనామం పెట్టే పిల్లలు కూడా ఆ రెండు రోజులూ మైదానమంతా చక్కర్లు కొట్టారు. మూడో శనివారం ఒక తల్లి ఉత్తరం రాసింది, మా పిల్లకి కుక్కలంటే హడల్, ఇది బడా జంతుశాలా అని. దాంతో స్టాఫ్ రూమ్ నిట్టనిలువునా చీలిపోయింది. కుక్క పక్కన కూర్చుంటే నత్తి పిల్లలు కూడా గడగడా చదువుతారని ఒకరు, దాని ఒంటి మీది గోమార్లు పిల్లలకి పట్టుకుంటాయని ఒకరు. పెద్ద మేడం ఎవరి మాటా కాదనలేని మనిషి. వచ్చిన ఓట్లు కాస్తా సమానమయ్యేసరికి ఆవిడ కళ్లజోడు తీసి తుడిచి, మళ్లీ పెట్టుకుని, పరీక్ష పెడదాం అంది.

ఇరవై రెండు ముఖాలూ ఒక్కసారిగా వెలిగిపోయాయి. ఇంకెక్కడైనా అయితే చీటీలు వేసేవారు, లేదా పెద్దవాళ్ల దగ్గరికి పోయేవారు. వీళ్లు టీచర్లు. వీళ్లకి తెలిసిన న్యాయం పరీక్ష ఒక్కటే. అరగంటలో సిలబస్ తయారైంది, మార్కులు పంచేశారు, హాలు ఖాయం చేశారు. పరీక్ష పెట్టే బాధ్యత లెక్కల మేడం మీద పెట్టారు. ఆవిడ కుక్కలు వద్దన్న పదకొండు మందిలో మొదటి మనిషి. అయినా కుక్కల పక్షం వాళ్లు కూడా కిమ్మనలేదు. పాతికేళ్లలో ఆవిడ అర మార్కు ఊరికే వేసిన దాఖలా లేదు, అర మార్కు ఊరికే తీసేసిన దాఖలా అంతకన్నా లేదు.

మంగళవారం పొద్దున్నే నోటీసు బోర్డు మీద కాగితం వెలిసింది. పరీక్ష శుక్రవారం మధ్యాహ్నం, డ్రాయింగు హాల్లో. సబ్జెక్టులు ఐదు, ఒక్కోదానికి పది మార్కులు. కూర్చోమంటే కూర్చోవడం మొదటిది. గంట మోగితే మొరగకపోవడం రెండోది. పిల్లలు పరిగెడుతుంటే వెంటపడకపోవడం మూడోది. ముందు తిండి పెట్టినా ముట్టకపోవడం నాలుగోది. తన మనిషి కనబడకుండా ఐదు నిమిషాలు చాప మీదే ఉండడం ఐదోది. ఏ ఒక్కదాంట్లో తప్పినా మొత్తం తప్పినట్టేనని అడుగున ఎర్ర సిరాతో రాసి గీత గీశారు.

ల్యాబమ్మ ఆ కాగితాన్ని మూడుసార్లు చదివింది. పర్మాంగనేటు మరకలతో ఊదారంగు పట్టిన వేలు ఒక్కో అక్షరం మీదా ఆనించి మరీ చదివింది.

ఇంట్లో మసి ఉన్నాడు. పేరుకి తగ్గట్టు కారునలుపు. ఒక చెవి నిక్కబొడుచుకుని, ఒక చెవి మడతపడి, ఇదీ జాతి అని ఎవరూ చెప్పలేని కుక్క. మామగారు పోయిన ఈ రెండు నెలల నుంచీ, పొద్దున అందరూ ఎవరి దారిన వాళ్లు వెళ్లగానే గుక్కపట్టి ఏడుస్తున్నాడు. కింద వాటాలో ఉండే ఇంటావిడ మొదట సణిగింది, తర్వాత కసిరింది, మొన్న ఆదివారం మెట్ల మీద నిలబెట్టి గడువు పెట్టేసింది. వచ్చే ఆదివారం దాటితే ఈ ఇంట్లో కుక్కైనా ఉండాలి, మీరైనా ఉండాలి అంది. ల్యాబమ్మ భర్త బస్సు డ్రైవరు. అతను తన స్నేహితుడొకడితో మాట్లాడి ఉంచాడు. ఊరి చివర గోడౌను, కాపలాకి కుక్క కావాలట. గొలుసు కూడా చూపించాడట. ఎంత పొడుగుందని ల్యాబమ్మ అడిగితే, మనిషి నీళ్లు నమిలాడు తప్ప చెప్పలేదు.

అందుకే ఆ నోటీసు చూడగానే ఆవిడ కాళ్లు నిలవలేదు. స్పిరిటు దీపాల వత్తులు కత్తిరించే పని సగంలో వదిలేసి కిందికి పరిగెత్తింది. లెక్కల మేడం స్టాఫ్ రూమ్‌లో కూర్చోదు. వరండా చివర ఒక బల్ల వేసుకుని, ఎప్పుడూ ఏవో పేపర్లు దిద్దుతూనే ఉంటుంది.

"మేడం, నోటీసులో సిబ్బంది అని రాశారు. అంటే టీచర్లేనాండీ?"

ఆవిడ తలెత్తలేదు. "హాజరు పట్టీలో సంతకం పెడుతున్నావా?"

"రోజూ పెడతానండీ."

"అయితే సిబ్బందివే. రోల్ నంబరు మూడు. ఆలస్యంగా వస్తే లోపలికి రానివ్వను." రెండు పేపర్లు దిద్దాక, ల్యాబమ్మ ఇంకా అక్కడే నిలబడి ఉండడం చూసి, "మరి ఓటింగుకి రాలేదేం?" అంది.

"పిలవలేదండీ."

ఎర్ర కలం ఒక్క క్షణం ఆగింది. ఊఁ అని, మళ్లీ దిద్దుకోసాగింది.

ఆ సాయంత్రం ఇంట్లో ట్యూషన్ మొదలైంది. ఆరో క్లాసు చదివే కూతురిదీ అదే బడి. లెక్కల్లో ఎప్పుడూ అత్తెసరు మార్కులే. అలాంటిది రాత్రికి రాత్రే పంతులమ్మ అవతారం ఎత్తేసింది. టైంటేబుల్ గీసి గోడకి అంటించింది. తన యూనిఫాం టై విప్పి మసి మెడకి కట్టింది. స్కేలు పుచ్చుకుని ఎదురుగా నిలబడి, కూర్చో అంది. మసి ఆ పిల్ల ముఖంలోకి చూశాడు. కూర్చో, కూర్చో అని పదిసార్లు అంది. వాడు తోక ఊపాడు, టై కొసని నాకాడు, నిలబడే ఉన్నాడు. ల్యాబమ్మ బతిమాలింది, బుజ్జగించింది, వీపు మీద నొక్కి చూసింది. నొక్కితే కూర్చుంటున్నాడు, వదిలితే లేస్తున్నాడు. తల ప్రాణం తోకకొచ్చింది తల్లీకూతుళ్లకి.

అప్పుడే డ్యూటీ దిగి వచ్చిన డ్రైవరు సంచి గుమ్మంలో పడేసి, బూట్లు విప్పుకుంటూ, అలవాటుగా, "ఏంటయ్యా, ఏంటి సంగతులు?" అన్నాడు.

మసి ఠక్కున కూర్చున్నాడు. వెన్ను నిటారుగా పెట్టి, మడత చెవి కూడా కాస్త పైకెత్తి, బుద్ధిమంతుడిలా కూర్చున్నాడు.

ముగ్గురూ ముఖముఖాలు చూసుకున్నారు. మామగారు రోజూ సాయంత్రం కుర్చీ లాక్కుని వాడి ఎదురుగా కూర్చుని అడిగే మాట అది. ఆయన ఎన్నడూ వాణ్ణి కూర్చోమనలేదు. సంగతులు అడిగేవాడు, వాడు కూర్చుని చెప్పేవాడు. డ్రైవరు రెండో బూటు విప్పకుండానే లేచి, మంచినీళ్ల వంకతో వంటింట్లోకి పోయాడు. అక్కడ గ్లాసు చప్పుడు మాత్రం వినపడలేదు.

ఆ దెబ్బతో ఇంట్లో ఎక్కడలేని హుషారు వచ్చింది. పోయినాయన వాడికి ఏమేం నేర్పి పోయాడో వెతకడం మొదలుపెట్టారు. రొట్టె ముక్క ముందు పెడితే మసి చొంగ కార్చాడే తప్ప, "నీదేలే" అనేదాకా ముట్టలేదు. ముసలాయన చేతులు వణికేవి, తినేటప్పుడు ఎన్నో మెతుకులు రాలేవి, నీదేలే అంటేనే వాడు తీసుకునేవాడు. కూతురు మేడ మీద అటూ ఇటూ దౌడు తీస్తే వాడు కూర్చుని మెడ మాత్రం తిప్పుతూ చూశాడు. ముసలాయన పరిగెత్తలేడు కాబట్టి వాడికీ పరుగు అలవాటు లేదు. గంట సంగతి ఒక్కటే కొంచెం తిప్పలు పెట్టింది. కంచం మీద గరిటెతో వాయిస్తే మొదట్లో భౌమన్నాడు. బుధవారం సాయంత్రానికి ఆ చప్పుడుకి వాడు అలవాటు పడ్డాడు గానీ ఇంటావిడ పడలేదు. మెట్లెక్కి వచ్చి, ఇంకా నాలుగు రోజులే అని వేళ్లు చూపించి పోయింది.

ఇక మిగిలింది ఐదో సబ్జెక్టు.

వాణ్ణి చాప మీద కూర్చోబెట్టి, తలుపు మూసి, ముగ్గురూ మెట్ల మీద ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. కూతురు వేళ్ల మీద లెక్కపెడుతోంది. అరవై దాటింది, ఎనభై దాటింది. తొంభై దగ్గర లోపల్నుంచి సన్నగా ఒక మూలుగు బయల్దేరి, చూస్తుండగానే ఏడుపైపోయింది. గోళ్లతో తలుపు గీరుతున్నాడు. మళ్లీ పెట్టారు, మళ్లీ అంతే. మూడోసారి తొంభై కూడా రాలేదు.

"వాడికి వచ్చినవన్నీ నాన్న నేర్పినవే," అన్నాడు డ్రైవరు మెట్టు మీద చతికిలబడి. "ఇదొక్కటే నాన్న నేర్పలేదు. నేర్పాలంటే వాణ్ణి ఒక్కణ్ణీ వదిలెయ్యాలి కదా."

ల్యాబమ్మకి అప్పటికప్పుడు కోపం ముంచుకొచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం. ఒంటరిగా ఉండలేడనే కదా వాణ్ణి బడికి తీసుకుపోదామనుకుంటున్నది! ఒంటరిగా ఉండగలిగితేనే రానిస్తామంటే ఏం చెయ్యాలి? ఆ మాటే మొగుడితో అంది. అతను, నాకు చెప్పి ఏం లాభం, ఆ ఎర్ర సిరా ఆవిడకి చెప్పు అన్నాడు.

గురువారం పొద్దున, బడికి బయల్దేరబోతూ ఆవిడ బీరువా తెరిచింది. అడుగు అరలో మామగారి గోధుమరంగు స్వెట్టరుంది. మోచేతి దగ్గర చిరిగితే తనే నీలం ఉన్నితో అల్లి సరిచేసింది. ఉతకాలని నాలుగైదుసార్లు తీసి, మళ్లీ అలాగే పెట్టేసింది. ఇప్పుడు దాన్ని తీసి చాప మీద పరిచింది. మసి వచ్చి వాసన చూశాడు. మూడుసార్లు దాని చుట్టూ తిరిగి, స్వెట్టరు చేతిలోకి ముక్కు దూర్చి ముడుచుకుని పడుకున్నాడు.

తలుపు మూశారు. అరవై. తొంభై. నూట ఇరవై. కూతురు రెండు చేతులతోనూ నోరు మూసుకుంది. రెండు వందలయ్యేసరికి డ్రైవరు బస్సు సంగతే మర్చిపోయాడు. మూడు వందలు. లోపల చడీచప్పుడూ లేదు. తలుపు కొంచెం తెరిచి చూస్తే వాడు గురకపెడుతున్నాడు. ముగ్గురూ ఆ ఇరుకు మెట్ల మీద ఒకరినొకరు పట్టుకుని గెంతారు. కింద తలుపు తెరుచుకుంది. ఇంటావిడ తల పైకెత్తి చూసి, ఏడుపు వినపడకపోయేసరికి తలుపేసుకుంది. పగలంతా అలా ఉండడని ముగ్గురికీ తెలుసు, కానీ ఐదు నిమిషాల పరీక్షకి అది చాలు.

శుక్రవారం మధ్యాహ్నం బడిలో పాఠాలు జరుగుతున్నాయన్నది పేరుకే. డ్రాయింగు హాలు కిటికీలకి పిల్లలు అతుక్కుపోయారు. టీచర్లు వాళ్లని అదిలించే నెపంతో వచ్చి తామూ నిలబడ్డారు. హాలు మధ్యలో చాప పరిచారు. ఒక మూల బల్ల వేసుకుని లెక్కల మేడం కూర్చుంది, ఎర్ర కలం, గడియారం, మార్కుల కాగితం ముందు పెట్టుకుని. ఒళ్లో తన తోలు సంచీని నిలువుగా పెట్టుకుని రెండు చేతులతోనూ గట్టిగా పట్టుకుంది. ల్యాబమ్మ ఆ పట్టు చూసింది. వేళ్ల కణుపులు తెల్లబడి ఉన్నాయి. వీధికుక్కలు పడుకుని ఉంటే ఈవిడ గేటు మానేసి వెనక సందు చుట్టూ తిరిగి రావడం ఎన్నోసార్లు మేడ మీంచి చూసింది. దాని అర్థం ఇప్పుడు తట్టింది. ఇన్ని వందల మంది పిల్లల్ని గడగడలాడించే మనిషికి కుక్కలంటే పై ప్రాణాలు పైనే పోతాయి. అయినా వచ్చి కూర్చుంది.

రోల్ నంబరు ఒకటి, డ్రిల్లు సారు కుక్క. అది ఇంచుమించు చెప్పింది చెప్పినట్టు చేసింది. ఐదో సబ్జెక్టుకి సారు దాని సొంత మెత్త తెచ్చి చాప మీద వేశాడు. అది దాని మీద పడుకుని, సారు వెళ్లినా, వచ్చినా ఒకటే అన్నట్టు ఆవులించింది. నలభై ఆరు మార్కులు. కిటికీల్లో చప్పట్లు. రోల్ నంబరు రెండు, సంగీతం టీచరు బొచ్చు కుక్క. గంట మోగడం ఆలస్యం, పట్టీలోంచి తల తప్పించుకుని, పిల్లల కాళ్ల సందుల్లోంచి దూరి, తిన్నగా ఇంటికి పోయింది. లెక్కల మేడం ఆబ్సెంట్ అని రాసింది.

రోల్ నంబరు మూడు.

ల్యాబమ్మ మసిని చాప మీదికి తీసుకెళ్లి, గొంతు సవరించుకుని, "ఏంటయ్యా, ఏంటి సంగతులు?" అంది. మసి ఠక్కున కూర్చున్నాడు. కిటికీల్లో కిలకిల నవ్వులు. అది ఆజ్ఞ కాదని డ్రిల్లు సారు అభ్యంతరం లేవదీశాడు. ఏ మాటతో కూర్చోబెట్టాలో ప్రశ్నల్లో లేదు అని లెక్కల మేడం పదికి పది వేసింది. గంటకి వాడి చెవి మాత్రం కదిలింది. పరిగెత్తే పిల్లల్ని పెళ్లికి వచ్చిన పెద్దమనిషిలా కూర్చుని తిలకించాడు. బిస్కెట్టు ముందు చొంగతో చిన్న మడుగు కట్టింది గానీ ముట్టలేదు. నలభైకి ముప్పై తొమ్మిది. చొంగకి ఒక మార్కు పోయింది. కిటికీలో కూతురు ఎగిరెగిరి పడుతోంది.

ల్యాబమ్మ సంచీలోంచి స్వెట్టరు తీసి చాప మీద పరచబోయింది.

"ఏంటది?" అంది లెక్కల మేడం.

"వాడికి అలవాటైందండీ, చాప మీద వేద్దామని."

"బయట్నుంచి తెచ్చిన సాయం. కాపీ చిట్టీ కిందికి వస్తుంది. ఇలా ఇవ్వు."

"సారు కుక్కకి మెత్త వేశారు కదండీ," అంది ల్యాబమ్మ. ఎప్పుడూ గొంతెత్తని మనిషి గొంతు అక్కడ పెద్దగానే వినపడింది.

లెక్కల మేడం ఒక కాగితం తీసి చూపించింది. దరఖాస్తు. కుక్కతో పాటు ఏమేం తెస్తారో ముందే రాసివ్వాలి. సారు మెత్త అని రాశాడు, పెద్ద మేడం సంతకం పెట్టింది. ఆ దరఖాస్తులు స్టాఫ్ రూమ్‌లో పంచారట. స్టాఫ్ రూమ్‌లో ల్యాబమ్మకి కుర్చీ లేదు. మూడో నంబరు దరఖాస్తు ఏదీ అని ఎవరూ అడగలేదు, ఆవిడకి అలాంటిదొకటి ఉందనే తెలియదు. ఆ మాట చెప్పడానికి నోరు తెరిచింది. పెద్ద మేడం నేల చూపులు చూస్తోంది. లెక్కల మేడం చెయ్యి చాచే ఉంది. ల్యాబమ్మ స్వెట్టరు ఇచ్చేసి బయటికి వచ్చింది. గోడౌనూ గొలుసూ కళ్ల ముందు కదిలాయి.

తలుపుకున్న అద్దంలోంచి లోపల అంతా కనపడుతోంది. లెక్కల మేడం స్వెట్టరు మడిచి ఒళ్లో పెట్టుకుంది, సంచీ పక్కన దించి. మసి తలుపు వంకే చూస్తున్నాడు. ఒక నిమిషం. ఒకటిన్నర. మూలుగు మొదలైంది. తర్వాత తలెత్తి ఒక్క ఏడుపు ఏడ్చాడు. కిటికీల్లో పిల్లల నవ్వులు ఆగిపోయాయి. ఏడుస్తూ ఏడుస్తూ, ఉన్నట్టుండి ముక్కు పైకెత్తాడు. లేచాడు. చాప దిగాడు. తిన్నగా బల్ల దగ్గరికి నడిచాడు.

లెక్కల మేడం ముఖంలో నెత్తుటి చుక్క లేదు. రెండు చేతులూ గాల్లోకి లేచాయి. మసి ఆవిడ మోకాళ్ల దగ్గర ఆగి, గడ్డం తీసుకెళ్లి స్వెట్టరు మీద పెట్టి, కళ్లు మూసుకున్నాడు.

ఆవిడ కదలలేదు. గడియారం ముల్లు తిరుగుతూనే ఉంది. చేతులు అలా గాల్లోనే ఉండిపోయాయి, మొదట వణుకుతూ, తర్వాత తర్వాత వణుకు తగ్గి. నాలుగో నిమిషంలో స్వెట్టరు చెయ్యి ఒకటి ఒళ్లోంచి జారి వేలాడింది. మసి ఉలిక్కిపడి కళ్లు తెరిచాడు. ఆవిడ కుడిచెయ్యి నెమ్మదిగా కిందికి వచ్చింది. కుక్కకి తగలకుండా, రెండు వేళ్లతో ఆ స్వెట్టరు చెయ్యిని అందుకుని, పైకి తెచ్చి, వాడి ముక్కు కిందికి తోసింది.

గంట కొట్టారు. ల్యాబమ్మ లోపలికి పరిగెత్తి మసి పట్టీ అందుకుంది.

"ఎవరిదిది?" అంది లెక్కల మేడం.

"మా మామగారిదండీ."

"ఎక్కడుంటారు?"

"పోయి రెండు నెలలైందండీ."

ఆవిడ స్వెట్టరుని మడతలు కలిసేలా మడిచి ఇచ్చింది. కలం తీసి కాగితం మీద రాసి, తిప్పి చూపించింది. చాప దిగినందుకు సున్నా. ల్యాబమ్మ తలూపింది. సున్నా న్యాయమే. అదే కదా బాధ.

ఆఖరి గంటయ్యాక స్టాఫ్ రూమ్‌లో ఫలితాలు చదివారు. ఈసారి ల్యాబమ్మని పిలిచారు, ఆవిడ గుమ్మం పక్కన నిలబడింది. ఒకటో నంబరు పాసు, ఫస్టు క్లాసులో. రెండో నంబరు ఆబ్సెంట్. మూడో నంబరు ముప్పై తొమ్మిది మార్కులు, ఒక సబ్జెక్టు తప్పింది. డ్రిల్లు సారు చుట్టూ చేరి చేతులు కలుపుతున్నారు. ల్యాబమ్మ చల్లగా జారుకుందామని వెనక్కి తిరిగింది.

"ఫలితాలు చదవడం అయింది. అమలు చెయ్యడం కాలేదు," అంది లెక్కల మేడం లేచి నిలబడి. "సారూ, మన బళ్లో పరీక్ష పాసైనవాణ్ణి ఏం చేస్తాం?"

"ఏం చేస్తాం, సర్టిఫికెట్టు ఇచ్చి పంపించేస్తాం."

"తప్పినవాణ్ణి?"

డ్రిల్లు సారు చుట్టూ చూశాడు. "అదే క్లాసులో కూర్చోబెడతాం."

"ఎందుకు?"

"రానిది నేర్పాలి కదండీ," అన్నాడు ఆయన, ఎటుపోతోందో అర్థం కాక.

"అదే నేనూ అంటున్నాను. మీ కుక్కకి ఐదో సబ్జెక్టులో పదికి పది వచ్చాయి. ఇంట్లో హాయిగా ఉండగలదు. దానికి బడితో పనేముంది? ఉండలేనిది ఇదొక్కటే. పాసైనదాన్ని ఉంచుకుని, తప్పినదాన్ని గెంటేస్తే, మనం పాతికేళ్లుగా చేస్తున్నదంతా తలకిందులు చేసినట్టవుతుంది."

సైన్సు సారు పకపకా నవ్వబోయి, నవ్వేది కాదని తెలిసి ఆగిపోయాడు. పెద్ద మేడం కళ్లజోడు తీసింది. మీరు వద్దని ఓటు వేశారు కదండీ అని ఎవరో అన్నారు. ఇప్పటికీ నాది అదే ఓటు అంది లెక్కల మేడం. భయపడే పిల్లలు ఉంటారు, పెద్దవాళ్లూ ఉంటారు, అందుకని కుక్క ల్యాబు వెనక గదిలోనే, తలుపేసి ఉండాలి, మెట్లు వెనకవే వాడాలి అంది. సప్లిమెంటరీ దాకా రోజూ ఐదో సబ్జెక్టు సాధన జరగాలి, తనే పెడుతుంది. ఇంకో మాట. ఓటింగుకి గానీ, దరఖాస్తులకి గానీ హాజరు పట్టీలో ఉన్న ప్రతి మనిషినీ పిలవాలి, లేకపోతే ఆ లెక్క తను దిద్దదు.

డ్రిల్లు సారు మంచివాడు, ఆయన్ని ఏమీ అనడానికి లేదు. కాసేపు బుగ్గ నిమురుకుని, శనివారాలు కుక్కని తెచ్చేస్తే ఇంట్లో మా అమ్మకి తోచట్లేదని గొడవ చేస్తోందిలెండి అన్నాడు. ఈ ఏర్పాటుకి సరేనని చేతులెత్తినవాళ్లని పెద్ద మేడం లెక్కపెట్టింది. గుమ్మం పక్కన ఊదారంగు వేళ్లు కూడా లేచాయి. ఆవిడ వాటిని రెండుసార్లు చూసి మరీ లెక్కలో వేసింది.

ల్యాబమ్మ ఆ రోజు ఇంటికి నడవలేదు, పరిగెత్తింది. మసి పక్కన పరుగు నేర్చుకుంటూ వచ్చాడు. తప్పాడు, మనవాడు తప్పాడు అని మెట్ల కింద నుంచే కేకేసింది. డ్రైవరు ముఖం మాడ్చుకుని బయటికొచ్చాడు. సంగతంతా విన్నాక, స్నేహితుడికి ఫోన్ చేసి, గొలుసు ఇంకో కుక్కకి వాడుకోరా అన్నాడు. కూతురు మాత్రం, లెక్కల్లో తప్పితే నాకు ఇంత మర్యాద ఎప్పుడూ జరగలేదని మూతి ముడిచింది.

సోమవారం మొదటి సాధన. ల్యాబు వెనక గదిలో చాప వేసింది ల్యాబమ్మ. లెక్కల మేడం మధ్యాహ్నం విరామంలో వచ్చింది, గడియారం, ఒక కొత్త నోటు పుస్తకం పట్టుకుని. గోడకి ఆనించి స్టూలు వేయించుకుని కూర్చుంది. స్వెట్టరు ఇలా ఇవ్వు, అది చాప మీద ఉంటే సాధన కాదు అని తీసుకుని ఒళ్లో పెట్టుకుంది. ల్యాబమ్మ బయటికి వెళ్లి తలుపు అద్దం దగ్గర నిలబడింది.

ఒక నిమిషం అయింది. రెండు. మసి చాప మీద కూర్చుని ఆవిడ వంక చూస్తున్నాడు. మూలుగు లేదు. మూడు. గదిలో మనిషి ఉంది, మనిషి ఒళ్లో ఆ వాసన ఉంది. వీడు ఉండిపోయేలా ఉన్నాడు! పాసైపోయేలా ఉన్నాడు! పాసైతే పంపించేస్తారు. రేపట్నుంచి మళ్లీ ఆ మెట్లు, ఆ ఇంటావిడ, ఆ గోడౌను. ఏడవరా, ఒక్కసారి ఏడవరా నాయనా అని ల్యాబమ్మ అద్దానికి నుదురు ఆనించి మొక్కుకుంది. మసి తాపీగా పడుకుని, ముందు కాళ్ల మీద గడ్డం పెట్టుకున్నాడు. నాలుగు నిమిషాలు.

లెక్కల మేడం గడియారం చూసింది. మసిని చూసింది. అద్దం వైపు మాత్రం చూడలేదు. నాలుగున్నర అయ్యేసరికి, పాతికేళ్లలో అర మార్కు ఎవరికీ ఊరికే వెయ్యని ఆ మనిషి, స్వెట్టరు మీద అరచెయ్యి ఆనించి, రెండుసార్లు మెల్లగా తట్టింది.

"ఏంటయ్యా," అంది. "ఏంటి సంగతులు?"

మసి లేచి చాప దిగి వెళ్లి ఆవిడ ముందు కూర్చున్నాడు. ఆవిడ కలం తీసి, నోటు పుస్తకంలో తేదీ వేసి, దాని ఎదురుగా తప్పాడు అని రాసి, కింద సంతకం పెట్టింది.